ఊరి పిల్లల సీటుకి మన పిల్లల పేర్లు

పోయిన ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాలుద్దామనుకునేసరికి ఫోన్ మోగింది. మా వారి పెదనాన్నగారి చిన్నకోడలు. నాకు తోడికోడలి వరస.

"అక్కా, మీ అమ్మగారి ఊళ్ళో బడి హెడ్మాస్టరు గారు మీకు బాగా తెలుసటగా? మా పాప మూడో తరగతికొచ్చింది. పేరు అక్కడ రాయించి పెట్టరూ? మనిషి ఇక్కడే అకాడమీకి వెళ్తుందిలెండి. నవోదయకి రూరల్ కింద పనికొస్తుంది" అంది.

అడగడంలో ఏ మొహమాటమూ లేదు. ఊరి నుంచి వచ్చేటప్పుడు రెండు కేజీల మినప్పప్పు తెచ్చి పెట్టమన్నంత మామూలుగా అడిగింది. నాకే నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ దారి ఆమెకి చూపించింది నేనే. మా అబ్బాయి పేరు మూడేళ్ళపాటు మా అమ్మావాళ్ళ ఊరి బడి రిజిస్టరులో ఉంది. మనిషి మాత్రం టౌన్లో, నా దగ్గరే ఉన్నాడు.

ఇలాంటివి ఎవరూ బయటికి చెప్పుకోరు. చెప్పుకోకపోబట్టే ఇది ఇంత మామూలైపోయింది. అందుకే చెప్తున్నాను. ఇది చదివి నా మీద కోపం వచ్చినా సరే, మీ మీద మీకే కోపం వచ్చినా సరే.

ముందు నవోదయ అంటే తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 1986 జాతీయ విద్యావిధానంలో ఈ బడుల గురించి రాశారు. అప్పుడు కేంద్రంలో మానవ వనరుల మంత్రి మన పి.వి. నరసింహారావు గారే. అంతకు ముందు, 1971లో ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టించారు. రెండింటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. పల్లెటూళ్ళో పుట్టిన తెలివైన పిల్ల, డబ్బు లేకో దారి లేకో మంచి చదువుకి దూరం కాకూడదు. పెద్దాపురం, చొప్పదండి, పాలేరు, లేపాక్షి, ఇలా జిల్లాకొకటి చొప్పున వచ్చాయి. ఆరో తరగతిలో 80 సీట్లు. అక్కడే ఉండి పన్నెండు దాకా చదువు. తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్ళే ఇస్తారు. తొమ్మిది నుంచి కొందరు నెలనెలా కొద్దిపాటి రుసుము కట్టాలి, ఆడపిల్లలకి అదీ లేదు.

ఆ 80లో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. పల్లె పిల్ల అంటే ఎవరన్నది కూడా రూల్సులో స్పష్టంగా ఉంది. మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పల్లెటూరి బళ్ళోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్ళలో ఒక్క రోజు టౌన్ బళ్ళో చదివినా టౌను కిందే లెక్క. పరీక్ష రాసే అవకాశం ఒక్కసారే. ఐదో తరగతి చదువుతున్న ఏడాది తప్పిపోతే ఆరో తరగతి సీటు మాట ఇక మర్చిపోవాల్సిందే.

ఇంత గట్టిగా ఎందుకు రాశారో ఆలోచించండి. మనలాంటి వాళ్ళం వస్తామని వాళ్ళకి తెలుసు. కంచె మన కోసమే వేశారు. మనం కంచె దూకలేదు, గేటు కాపలా మనిషిని మంచి చేసుకుని లోపలికెళ్ళాం.

పరీక్ష సంగతి చూస్తే ఇంకా నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు బొమ్మలకి. నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నదేది, అద్దంలో చూస్తే ఎలా కనపడుతుంది, కాగితం మడిచి చిల్లు పెట్టి విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయి, ఇలాంటివి. మిగతా సగం లెక్కలూ, భాషా. బొమ్మలు ఎందుకు పెట్టారంటే, ఇంట్లో పుస్తకాలు లేని పిల్ల, ఇంగ్లీషు రాని పిల్ల, ఒకే టీచరు ఐదు తరగతులూ చెప్పే బళ్ళో చదివిన పిల్ల కూడా వెనకబడకూడదని. బొమ్మ చూడ్డానికి కళ్ళూ బుర్రా ఉంటే చాలు కదా.

ఆ బొమ్మల్ని కూడా మనం వదల్లేదు. లావుపాటి పుస్తకాలు కొని, రోజుకి వంద బొమ్మలు పెట్టించాం. మా వాడిని చేర్చిన అకాడమీలో హాస్టలు పిల్లల్ని తెల్లవారుజామున నాలుగున్నరకి లేపేవారు. తొమ్మిదేళ్ళ పిల్లలు వరండాలో వరసగా కూర్చుని, సగం నిద్రలో, కాగితం మడతల లెక్కలు చేస్తుంటే చూశాను. చూసి ఏమనుకున్నానో చెప్పనా? "మా వాడికి ఇంకా ఇంత స్పీడు రాలేదే" అనుకున్నాను. ఒక్కసారే రాయనిస్తారని, పిల్ల ఇంకాస్త ముదరాలని, నాలుగో తరగతే రెండుసార్లు చదివించిన తల్లులు నాకు తెలుసు. చక్కగా పాసైన పిల్లని మళ్ళీ అదే క్లాసులో కూర్చోబెడితే, తోటి పిల్లలు పైకెళ్ళిపోతుంటే ఆ పిల్ల ఏమనుకుంటుందో ఎవరూ అడగలేదు.

దీన్ని మనం "టాలెంట్ టెస్టు" అంటున్నాం. పిల్లలో ఉన్న తెలివిని వెతకడానికి పెట్టిన పరీక్షని, తల్లిదండ్రులకి ఎంత ఓపిక, ఎంత డబ్బు, ఎన్ని పరిచయాలు ఉన్నాయో తేల్చే పరీక్షగా మార్చేశాం.

ఇక నా సంగతి.

మా వాడు ఐదో తరగతిలో ఉండగా ఫారం నింపాం. హెడ్మాస్టరు గారు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. మా నాన్నగారి మీద గౌరవంతో కాదనలేకపోయారు. హాల్ టికెట్ వచ్చాక ఒకరోజు రాత్రి అన్నం తింటూ మా వాడు అడిగాడు. "అమ్మా, అక్కడ సారు మీ బళ్ళో మీ టీచరు పేరేంట్రా అని అడిగితే ఏం చెప్పాలి?"

నేను చెప్పాను. టీచరు పేరు చెప్పాను. బడికి ఏ రంగు వేశారో, గేటు పక్కన ఏ చెట్టు ఉందో, మధ్యాహ్న భోజనంలో ఏ వారం ఏం పెడతారో అన్నీ చెప్పాను. మళ్ళీ అడిగి అప్పజెప్పించుకున్నాను కూడా. ఎక్కాలు వల్లె వేయించినట్టు అబద్ధం వల్లె వేయించాను. వాడు ఒక్కటీ తప్పు పోకుండా చెప్పాడు. చివర్లో "అమ్మా, మరి అక్కడ నా ఫ్రెండు ఎవరని చెప్పాలి?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పరీక్ష రోజు అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. వాడికి సీటూ రాలేదు. "అందని ద్రాక్షపళ్ళు పుల్లన, అందుకే ఇప్పుడు నీతులు చెప్తోంది" అనుకుంటున్నారు కదూ? అనుకోండి. సీటు వచ్చుంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. స్వీట్ల డబ్బాతో మీ ఇళ్ళకే వచ్చేదాన్ని. నా సిగ్గంతా అక్కడే ఉంది.

నన్ను కదిలించింది సీటు రాకపోవడం కాదు. ఆ తర్వాత వేసవి సెలవుల్లో అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మకి పాలు పోసే ఆమె కూతురు వచ్చి పాలు కొలుస్తోంది. నెలాఖరు. ఏ రోజు అర లీటరు, ఏ రోజు లీటరు, ఏ రోజు అమ్మ వద్దన్నది, మధ్యలో రేటు ఎప్పుడు పెరిగింది, అన్నీ నోటితోనే కూడి మొత్తం ఇంత అని చెప్పేసింది. నేను ఫోన్లో కొట్టి చూశాను. పైసా తేడా లేదు.

"ఏం చదువుతున్నావమ్మా?" అన్నాను.

"ఐదైపోయిందండి. ఆరుకి హైస్కూలు."

"ఏ బడి?"

ఆ పిల్ల చెప్పిన బడి, మా వాడి పేరు ఉన్న బడి. అదే తరగతి. అదే రిజిస్టరు. వాడికి తెలియని వాడి ఫ్రెండు ఆ పిల్ల.

"నవోదయ రాశావా?" అని అడిగితే, "అదేంటండీ?" అంది.

ఆ బడి నుంచి ఆ ఏడాది నవోదయకి వెళ్ళిన ఫారం ఒక్కటే. అది నా కొడుకుది. ఎవరి కోసమైతే ఆ సీట్లు పెట్టారో ఆ పిల్ల అదే గదిలో కూర్చుని ఉంది. ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. వాళ్ళమ్మకి చదువు రాదు. టీచరు గారికి ఐదు తరగతులూ, ఎన్నికల డ్యూటీలూ, ఆన్‌లైన్ ఎంట్రీలూ. ఆ బడి గడప తొక్కిన చదువుకున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. నేను వెళ్ళింది సంతకం కోసం.

ఇప్పుడు మీరు అనబోయే మాటలు నాకు తెలుసు. నేనూ అనుకున్నవే.

"అందరూ చేస్తున్నారు." అందరూ చేస్తే మన పిల్లకి వచ్చే లాభం కూడా ఉండదు కదా! పల్లె కోటాలోనూ టౌను పిల్లలతోనే పోటీ పడాలి. మిగిలేది అబద్ధం ఒక్కటే.

"మేం మాత్రం ఉన్నవాళ్ళమా? ప్రైవేటు ఫీజులు కట్టలేకే కదా ఈ తిప్పలు." నిజమే. మా ఇంట్లోనూ స్కూలు ఫీజు కట్టిన నెల చీటీ డబ్బులకి తడుముకోవడమే. కానీ మనకి దారి మూసేయలేదు. పల్లె కోటా పోగా మిగిలిన సీట్లున్నాయి, అక్కడ మన పేరుతో మనం రాయొచ్చు. తక్కువ సీట్లే, పోటీ ఎక్కువే. దానికి కోపం వస్తే ఆ కోపం చూపించాల్సింది పాలమ్మాయి మీద కాదు. జిల్లాకి ఒక్క బడేనా, 80 సీట్లేనా అని ఓటు అడగడానికి వచ్చినవాళ్ళని నిలదీద్దాం. అడిగితే రావనేం లేదు. 2024 డిసెంబరులో దేశం మొత్తానికి 28 కొత్త నవోదయలు మంజూరైతే అందులో 7 తెలంగాణకే వచ్చాయి.

"పల్లెలో ఉన్నవాళ్ళంతా పేదవాళ్ళా? ఇరవై ఎకరాల రైతు మనవడికీ అదే కోటా కదా." ఇది నేను ఒప్పుకుంటాను. రూలు బడి ఎక్కడుందని అడుగుతుంది గానీ ఇంట్లో ఎంతుందని అడగదు. లోపమే. కానీ రూలులో చిల్లు ఉందని మనం దాన్ని ఇంకా చింపితే ఆ చలికి వణికేది ఎవరు?

"ఎలాగూ ఊరి పిల్లలు రాయరు కదా, మన పిల్లలు రాస్తే తప్పేంటి?" ఈ మాటే నాకు అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది. వాళ్ళు రాయనిది చేతకాక కాదు, తెలియక. తెలిసిన మనం వాళ్ళకి చెప్పకుండా, తెలియకపోవడాన్నే మన అదృష్టం చేసుకుంటున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సీటు రాని పిల్లల గురించి. జిల్లాలో వేలమంది రాస్తే 80 మందికి వస్తుంది. మిగతావాళ్ళంతా తెలివి తక్కువవాళ్ళా? అమెరికాలో 1921లో టెర్మన్ అనే ప్రొఫెసరు ఇలాగే పరీక్షలు పెట్టి మేధావి పిల్లల్ని ఏరి, పెద్దయ్యాక ఏమవుతారో చూద్దామని ఏళ్ళ తరబడి వాళ్ళ వెంట ఉన్నాడు. చిన్నప్పుడు ఆ పరీక్ష రాసి మార్కు చాలక తప్పిపోయిన ఇద్దరు అబ్బాయిలు, షాక్లీ, ఆల్వరెజ్, పెద్దయ్యాక ఫిజిక్సులో నోబెల్ తెచ్చుకున్నారు. పదేళ్ళ పిల్ల రెండు గంటల్లో పెట్టిన గుర్తులు ఆ పిల్ల జాతకం కావు. కానీ మన ఇళ్ళల్లో ఆ లిస్టు వచ్చిన రోజు చూడండి, చావు కబురు విన్నట్టుంటుంది. మా వాడు లిస్టులో పేరు లేదని తెలిసి రెండు రోజులు నాతో కళ్ళు కలపలేదు. "చదివింది చాల్లేదా అమ్మా, చెప్పింది సరిగ్గా చెప్పలేదా?" అని అడిగాడు. సీటు రాకపోవడానికి వాడి అబద్ధం సరిపోలేదేమోనని వాడి అనుమానం. పదేళ్ళవాడికి నేను నేర్పింది అది.

సరే, ఏం చేద్దాం మరి? నేను చెప్పేది పెద్ద విప్లవమేం కాదు.

మీ పిల్ల టౌన్లో చదివితే టౌన్ పిల్లగానే రాయించండి. కోచింగ్ పెట్టిస్తే పెట్టించండి, కానీ నిద్ర మానిపించకండి. క్లాసు రిపీట్ చేయించకండి. పరీక్షకి వెళ్ళే ముందు, సీటు వచ్చినా రాకపోయినా ఆ రోజు రాత్రి ఇంట్లో ఏం వండుతారో చెప్పండి. అదే కూర, అదే పెరుగన్నం అని తెలిస్తే పిల్ల ధైర్యంగా రాస్తుంది.

రెండోది. మనలో చాలామందికి ఒక ఊరుంది. పుట్టిల్లో, అత్తిల్లో, అమ్మమ్మగారిల్లో. వానాకాలంలో, బళ్ళు తెరిచాక, ఈ ఫారాలు ఆన్‌లైన్లో వస్తాయి. కట్టాల్సిన డబ్బేం లేదు. పిల్ల ఫోటో, పిల్ల సంతకం, తల్లిదండ్రుల సంతకం, ఆధార్, హెడ్మాస్టరు సంతకం చేసిన సర్టిఫికెట్ కావాలి. ఇవన్నీ మన పిల్లలకి చేసి చేసి మనకి చేయి తిరిగిపోయింది. ఆ ఊరి బడికి వెళ్ళి ఐదో తరగతి పిల్లల్ని పేరు పేరునా అడగండి. పాత ప్రశ్నపత్రాలు నాలుగు జిరాక్సు తీసి ఇవ్వండి. అరగంట కూర్చుని OMR షీటులో సున్నా ఎలా నింపాలో చూపించండి. చాలామంది పల్లె పిల్లలు జవాబు తెలిసీ గడి తప్పు నింపి పోగొట్టుకుంటారు.

పాలమ్మాయి ఇప్పుడు మా వాడితో పాటే ఎనిమిదో తరగతి. తొమ్మిదో తరగతిలో ఖాళీ అయిన సీట్లకి నవోదయ వాళ్ళు వేరే పరీక్ష పెడతారు. సీట్లు కొన్నే. లెక్కలూ సైన్సూ ఆ పిల్లకి భయం లేదు, ఇంగ్లీషు తంటాలు పడుతోంది, హిందీకి 15 మార్కులున్నాయని తెలిసి కళ్ళు తేలేసింది. నేను రెండో శనివారం వెళ్ళి హిందీ చెప్తున్నాను. నాకొచ్చిన హిందీ సీరియళ్ళ హిందీయే, అయినా ఇద్దరం కలిసి కుస్తీ పడుతున్నాం. వస్తుందో రాదో తెలియదు. వచ్చినా ఆరో తరగతి నుంచి పోయిన మూడేళ్ళు తిరిగి రావు. మా వాడు ఒకసారి నాతో వచ్చాడు. వాడికి తెలియని వాడి బడి వాడికి చూపించాను. గేటు పక్కన చెట్టు నేను చెప్పింది కాదు, వేరే చెట్టు. వాడే కనిపెట్టి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఇక మా తోడికోడలి సంగతి. ఆ రోజు ఫోన్లో చెప్పాను. "అమ్మాయ్, పేరు మాత్రం రాయించలేనే. నేను చేసింది తప్పు. పాపని టౌన్ కిందే రాయిద్దాం, కావాలంటే బొమ్మలు నేనే నేర్పిస్తాను" అని. కాసేపు ఏం మాట్లాడలేదు. "సరేలెండి అక్కా, ఇంకెవరినైనా కనుక్కుంటాను" అని పెట్టేసింది.

కనుక్కుంటుంది. దొరుకుతారు కూడా. అందుకే ఇది రాశాను. ఆమె తర్వాత ఫోన్ చేసేది మీకే కావచ్చు.